చెప్పేవాడికి వినేవాడు లోకువ

ఈ వారం నాకో ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీల ఉత్తరం. మూడు నెలల కిందట ఇదే పేజీలో నేనొక పాతకాలపు మాండలిన్ మాస్టారి గురించి రాశాను, చదివే ఉంటారు. కోడంబాక్కంలో అరవై ఏళ్ళ కిందట రికార్డింగులు ఎలా జరిగేవో, ఒక ప్రసిద్ధమైన పాటలో రెండో చరణానికి ముందొచ్చే మాండలిన్ బిట్ తానెలా వాయించారో ఆయన చెబితే రాసేశాను. ఉత్తరం రాసినాయన మరో వాద్యకారుడి కొడుకు. “అయ్యా, ఆ బిట్ వాయించింది మా నాన్న. ఆ రోజు ఇచ్చిన డబ్బులతో మా అమ్మకి గాజులు కొన్నాడు. అమ్మ పోయేదాకా ఆ పాట రేడియోలో వస్తే చేతులు చూసుకునేది. మీకేం పోయింది, మా ఇంట్లో మిగిలిన ఆస్తల్లా ఆ బిట్టొక్కటే” అని.

ఏం చెయ్యమంటారు? ఆ రోజుల్లో గ్రామఫోను రికార్డు మీద పాడినవాళ్ళ పేరుండేది, సంగీత దర్శకుడి పేరుండేది. వాయించినవాళ్ళ పేరు వేసేవాళ్ళు కారు. తేల్చడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. ఇంటర్వ్యూ క్యాసెట్టు మాత్రం ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాను లెండి.

ఈ తలనొప్పి మన ఒక్కళ్ళదే కాదు. అమెరికాలో జాజ్ సంగీతం చరిత్ర రాయబోయిన వాళ్ళందరికీ ఇదే తలనొప్పి. ఎందుకంటారా? జాజ్ అంటే కాగితం మీద రాసుకుని వాయించే సంగీతం కాదు కదా. మనవాళ్ళ మనోధర్మంలాగా అప్పటికప్పుడు ఊహించి వాయించేది. జాజ్ పేరుతో మొదటి రికార్డు వచ్చిందే 1917లో. అంతకు ముందు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో పాతిక ముప్ఫై ఏళ్ళు ఎవరెలా వాయించారో వినే భాగ్యం ఎవరికీ లేదు. తెలుసుకోవాలంటే ముసలి వాద్యకారుల దగ్గర కూర్చుని అడగాల్సిందే. అడిగారు. వాళ్ళూ చెప్పారు. అక్కడే మొదలైంది కథ.

1938 మే నెల. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. జానపద గీతాలు సేకరించే అలన్ లోమాక్స్ అనే కుర్రాడు ఒక పియానో విద్వాంసుణ్ణి తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టాడు. ఆయన జెల్లీ రోల్ మోర్టన్. పుష్కరం కిందట, 1926లో, రెడ్ హాట్ పెప్పర్స్ అనే బృందంతో రికార్డులిచ్చి మోత మోగించినవాడు. ముందు పంటికి వజ్రం పొదిగించుకున్నవాడు. అప్పటికి రోజులు తిరగబడ్డాయి. అదే ఊళ్ళో ఓ చిన్న క్లబ్బులో పియానో వాయించుకుంటూ కాలం గడుపుతున్నాడు. దానికి తోడు కడుపుమంట ఒకటి. ఆ ఏడాదే “నమ్మండి, నమ్మకపోండి” తరహా రేడియో కార్యక్రమంలో రిప్లీగారు డబ్ల్యూ.సి. హ్యాండీ అనే ఆయన్ని పరిచయం చేస్తూ జాజ్‌కీ బ్లూస్‌కీ ఈయనే ఆద్యుడని అన్నాడు. మోర్టన్‌కి ఒళ్ళు మండింది. పెద్ద ఉత్తరం రాసి పడేశాడు. దాన్ని డౌన్ బీట్ పత్రిక అచ్చేసింది. జాజ్‌ని కనిపెట్టింది నేను, అదీ 1902లో అని దాని సారాంశం.

లోమాక్స్ ముందు కూడా అదే ధోరణి. పియానో మెట్ల మీద చేతులు ఆడిస్తూనే గంటల తరబడి చెప్పుకుపోయాడు. తాను 1885లో పుట్టానన్నాడు. అంటే 1902 నాటికి పదిహేడేళ్ళు. సరే, పదిహేడేళ్ళవాడు ఏదో ఒకటి కనిపెట్టాడంటే నమ్మొచ్చు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి చరిత్రకారులు బాప్తిస్మం కాగితం వెతికి తీశారు. పుట్టింది 1890 అక్టోబరు. అంటే జాజ్ కనిపెట్టిన నాటికి బాబుకి పట్టుమని పన్నెండేళ్ళు లేవన్నమాట!

ఇంత చదివాక మోర్టన్ చెప్పిందంతా చెత్తబుట్టలో వెయ్యాలనిపిస్తుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ 2005లో ఆ రికార్డింగులు పూర్తిగా వచ్చాయి, ఓపిక పట్టి విన్నాను. ‘మేపిల్ లీఫ్ రాగ్’ అనే పాత బాణీని సెయింట్ లూయిస్ వాళ్ళు ఎలా వాయించేవాళ్ళో వాయించి చూపించాడు. అదే బాణీని తన పద్ధతిలో ఎలా ఊపు తెస్తాడో వెంటనే వాయించాడు. తేడా చెవికి తెలిసిపోతుంది. చచ్చిపోయిన పియానో వాద్యకారుల శైలి ఒక్కొక్కరిదీ అనుకరించి వినిపించాడు. నోటితో చెప్పిన తేదీలు తప్పొచ్చు గాక, ఆ వేళ్ళు గుర్తుపెట్టుకున్నది మాత్రం కల్పన కాదు. మోర్టన్ 1941లో లాస్ ఏంజెలిస్‌లో పోయాడు. ఆయన మాటల పుస్తకం వచ్చింది 1950లో. తన పేరు మళ్ళీ మారుమోగడం చూసుకోకుండానే పోయాడు పాపం.

ఇంతకంటే నా మనసుని పట్టింది బంక్ జాన్సన్ కథ.

1930ల చివర్లో కొందరు కుర్ర పరిశోధకులు జాజ్ పుట్టుక మీద పుస్తకం రాయబోయారు. ‘జాజ్‌మెన్’ అని 1939లో వచ్చింది. వాళ్ళకి కావలసింది బడ్డీ బోల్డెన్ గురించి. జాజ్‌కి మూలపురుషుడని చెప్పుకునే బోల్డెన్ రికార్డు ఒక్కటీ లేదు. 1907లో మతి చలించి ఆస్పత్రి పాలయ్యాడు, 1931లో అక్కడే పోయాడు. మరి ఆయనతో వాయించినవాళ్ళెవరైనా బతికున్నారా? ఉన్నాడన్నారు, లూసియానాలో న్యూ ఐబీరియా అనే పల్లెటూరులాంటి ఊళ్ళో, బంక్ జాన్సన్ అని. ఉత్తరం రాశారు. జవాబొచ్చింది. బంక్ పరిస్థితి ఏమిటో చూడండి. నోట్లో పళ్ళు లేవు. ట్రంపెట్టు లేదు. 1931లో డాన్సు జరుగుతుండగా బృంద నాయకుణ్ణి వేదిక మీదే పొడిచి చంపేస్తే ఆ గొడవలో బంక్ వాద్యం కూడా పోయింది. కూలీనాలీ చేసుకుంటున్నాడు. పళ్ళు కట్టించి, ట్రంపెట్టు కొనిస్తే మళ్ళీ వాయించగలను అని రాశాడు.

అలాంటి మనిషి దగ్గరికి చదువుకున్న కుర్రాళ్ళు వెళ్ళి, అయ్యా తమరు బోల్డెన్‌తో వాయించారా అని అడిగితే ఏమంటాడు? లేదంటే వాళ్ళు టోపీలు పెట్టుకుని వెళ్ళిపోతారు. అవునన్నాడు. 1895లోనే ఆయన పక్కన వాయించానన్నాడు. తాను 1879లో పుట్టానన్నాడు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి విద్య నేర్పింది కూడా నేనే అన్నాడు. చందాలేసుకుని పళ్ళు కట్టించారు. కట్టిన దంత వైద్యుడు ఎవరనుకున్నారు, మహా విద్వాంసుడు సిడ్నీ బెషే అన్నగారు! ట్రంపెట్టూ వచ్చింది. 1942లో రికార్డులిచ్చాడు. న్యూయార్కు దాకా వెళ్ళి వాయించాడు. 1949లో పోయాడు.

తరవాత లెక్కలు తీస్తే బంక్ పుట్టింది 1889 ప్రాంతంలో అయ్యుండాలని తేల్చారు. వయసు దాచుకునే తారలని మనం బోలెడుమందిని చూశాం కానీ, పదేళ్ళు ఎక్కువ చెప్పుకున్నవాణ్ణి చూశామా? 1895లో బోల్డెన్ పక్కన వాయించాడంటే ఆరేళ్ళ పిల్లాడు వాయించినట్టు. ఇక ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి. మొదట్లో పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం ఎందుకని ఊరుకున్నాడు. తరవాత మాత్రం, నా గురువు జో ఆలివర్, బంక్ కాదని తేల్చి చెప్పాడు.

ఆ ‘జాజ్‌మెన్’ పుస్తకంలోనే బోల్డెన్‌కి మంగలి షాపుండేదని, ఊళ్ళో రంకు కబుర్ల పత్రిక ఒకటి నడిపేవాడని కూడా రాశారు. ఎంత బావుంది కథ! పగలు గడ్డాలు గీస్తూ కబుర్లు పోగేసి, అచ్చేసి, రాత్రి కార్నెట్టు ఊదే మనిషి. ముప్ఫై తొమ్మిదేళ్ళపాటు పుస్తకాలన్నీ ఇదే కాపీ కొట్టాయి. 1978లో డొనాల్డ్ మార్క్విస్ అనే ఆయన ఊరి డైరెక్టరీలు, పోలీసు కాగితాలు, చర్చి రిజిస్టర్లు తిరగేసి చూస్తే మంగలి షాపూ లేదు, పత్రికా లేదు. బోల్డెన్ చేసింది గోడలకి పూత పూసే పని. మంగలి షాపుల్లో కూర్చుని కబుర్లు చెప్పేవాడు, అంతే. నలుగురు ముసలివాళ్ళ జ్ఞాపకంలో మంగలి షాపులో కూర్చున్నవాడు కాస్తా మంగలి షాపు యజమాని అయిపోయాడు.

అందరూ కావాలని కోసేవాళ్ళనుకుంటే పొరపాటే. ఆర్మ్‌స్ట్రాంగ్‌నే తీసుకోండి. జీవితాంతం తన పుట్టినరోజు 1900 జులై 4 అని చెప్పుకున్నాడు. అమెరికా స్వాతంత్ర్య దినం, శతాబ్దం మొదట్లో! పత్రికల వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? 1971 జులైలో ఆయన పోయాక, 1980లలో న్యూ ఆర్లీన్స్ చర్చి రిజిస్టరులో అసలు తేదీ దొరికింది. 1901 ఆగస్టు 4. ఇందులో మోసం నాకేమీ కనిపించదు. మన తాతలకి పుట్టినరోజు అడిగితే ‘గోదావరి వరదొచ్చిన ఏడాది’ అనేవాళ్ళు కాదూ? బళ్ళో పంతులుగారు వేసిందే పుట్టినరోజు. పేద ఇంట్లో పుట్టిన పిల్లాడికి ఎవరో జులై నాలుగంటే వాడూ జులై నాలుగే అన్నాడు.

కానీ ‘హీబీ జీబీస్’ కథ సంగతి వేరు. 1926లో షికాగోలో ఆ పాట రికార్డు చేస్తుంటే సాహిత్యం రాసిన కాగితం చేతిలోంచి జారి పడిపోయిందట. రికార్డింగు ఆపడం ఇష్టం లేక అర్థం లేని అక్షరాలతో పాడేశాడట. అలా స్కాట్ అనే పద్ధతి పుట్టిందట. ఆర్మ్‌స్ట్రాంగే ఎన్నోసార్లు ఈ కథ చెప్పాడు. అంతకు ముందే అలాంటి గానం రికార్డుల మీద ఉంది. పైగా వినండి, ఆ స్కాట్ భాగంలో కంగారు పడ్డ మనిషి గొంతా అది? డ్యూక్ ఎలింగ్టన్ ఇలాగే, ‘మూడ్ ఇండిగో’ బాణీ అమ్మ వంట పూర్తయ్యేలోగా పావుగంటలో కట్టేశానని చెప్పేవాడు. అందులో ముఖ్యమైన ట్యూను ముక్క బార్నీ బిగార్డ్ తెచ్చింది. ఆయనకా ముక్క తన గురువు లొరెంజో టియో దగ్గర్నించి వచ్చింది. ఆయన పేరు కూడా రికార్డు మీదికి ఎక్కడానికి చాలా కాలం పట్టింది. పావుగంట కథలో బిగార్డ్ ఎక్కడున్నాడు? అమ్మ ఉంది, వంట ఉంది.

పక్కవాడి సొత్తు మన కథలో కలిసిపోవడం అంటే ఇదే. నా ఉత్తరం కూడా ఈ బాపతే కదా.

బిల్లీ హాలిడే విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ‘లేడీ సింగ్స్ ద బ్లూస్’ అని 1956లో ఆమె ఆత్మకథ వచ్చింది. రాసిపెట్టింది విలియం డఫ్టీ అనే పత్రికా రచయిత. మొదటి వాక్యంలోనే అమ్మానాన్నల పెళ్ళి ప్రస్తావన ఉంది. ఆ ఇద్దరికీ పెళ్ళి కానే లేదు. ఆమె పుట్టిన ఊరూ తప్పే, బాల్టిమోర్ కాదు, ఫిలడెల్ఫియా. ఇవి ఆమె సొంత బాధలు, ఎలా చెప్పుకుంటే మనకేం? కానీ ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ అని ఒక పాటుంది. నల్లవాళ్ళని చెట్లకి ఉరితీసే ఘోరం మీద రాసిన పాట. 1939లో ఆమె పాడింది. వింటే ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. దానికి బాణీ తానూ, తన పియానో వాద్యకారుడూ కలిసి కట్టామన్నట్టు ఆత్మకథలో ఉంది. నిజానికి మాటా బాణీ రెండూ ఏబెల్ మీరోపోల్ అనే న్యూయార్కు బడిపంతులివి. కవితగా 1937లోనే అచ్చయింది కూడా. తన పాట తనదేనని ఆయన మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసి వచ్చింది. 1972లో అదే పేరుతో డయానా రాస్ సినిమా వచ్చింది. డయానా రాస్ బాగా నటించింది, ఆస్కార్ నామినేషనూ వచ్చింది. కథ మాత్రం పుస్తకంకంటే నాలుగడుగులు దూరం జరిగింది.

సినిమా అంటే గుర్తొచ్చింది. ‘విప్‌లాష్’ చూశారా? 2014లో వచ్చింది. జె.కె. సిమన్స్‌కి ఆస్కార్ తెచ్చిపెట్టిన చిత్రం. అందులో ఆ కర్కోటకుడు మాస్టారు శిష్యుడికి చెబుతాడు, డ్రమ్మర్ జో జోన్స్ సింబల్ తీసి చార్లీ పార్కర్ తలకేసి విసిరాడని, తల తెగిపోయేదేనని. దెబ్బలు తింటేనే విద్య వస్తుందని చెప్పడానికి ఆ కథ వాడుకున్నాడు. అంతకు ముందు 1988లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన ‘బర్డ్’లో కూడా ఆ సింబల్ గాల్లో తిరుగుతూ ఎగురుతుంది, మళ్ళీ మళ్ళీ. అద్భుతమైన షాటు, కాదనను. ఇంతకీ ఏం జరిగింది? 1936లో కాన్సస్ సిటీలోని రీనో క్లబ్బు. పార్కర్ పదిహేను పదహారేళ్ళ కుర్రాడు. పెద్దల మధ్య వాయించబోయి తాళం తప్పాడు. అక్కడే ఉన్న బాస్ వాద్యకారుడు జీన్ రేమీ తరవాత చెప్పిందేమిటంటే, జోన్స్ సింబల్ విప్పి కుర్రాడి కాళ్ళ ముందు పడేశాడు. ఖంగుమని మోగింది. జనం నవ్వారు. అంతే. అవమానమే, కాదనడం లేదు. తల తియ్యబోవడం మాత్రం కాదు. కాళ్ళ దగ్గర పడింది తలకేసి విసరడం దాకా రావడానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

పార్కర్ గురించే ఇంకొకటి. హార్లెంలో ఒక చిన్న హోటల్లో ‘చెరోకీ’ వాయిస్తుంటే తన సంగీతానికి దారి దొరికిందని ఆయన మాటల్లోనే ఒక ముక్క ప్రతి జాజ్ పుస్తకంలోనూ కనిపిస్తుంది. అసలు మూలం 1949 నాటి డౌన్ బీట్ వ్యాసం. అందులో ఆ సంగతి విలేఖరులు తమ మాటల్లో రాశారు, ‘అతను’ అని. 1955లో వచ్చిన ‘హియర్ మీ టాకిన్ టు యా’ పుస్తకంలో ‘అతను’ కాస్తా ‘నేను’ అయింది. ఆ ఏడాది మార్చిలోనే పార్కర్ పోయాడు, ముప్ఫై నాలుగేళ్ళకే. అయ్యా, తమరు ఇలా అన్నారా అని అడగడానికి మనిషి లేడు. కాబట్టి తప్పంతా ముసలి వాద్యకారుల మీదికి నెట్టెయ్యకండి. కలం పట్టుకున్న మా వాటా మాకుంది.

డిజ్జీ గిలెస్పీ చేసిన పని నాకు నచ్చింది. 1941లో కాబ్ కాలోవే బృందంలో ఉండగా వేదిక మీద ఎవరో ఉమ్మి తడిపిన కాగితం ఉండ విసిరారు. కాలోవే డిజ్జీనే అనుమానించాడు. మాటా మాటా పెరిగి కత్తి దాకా వచ్చింది. కాలోవేకి కుట్లు పడ్డాయి. డిజ్జీ ఉద్యోగం ఊడింది. విసిరింది నేను కాదు మొర్రో అని డిజ్జీ ఎంత మొత్తుకున్నా విన్నవాళ్ళు లేరు. చాలా ఏళ్ళకి జోనా జోన్స్, అది నేనే విసిరానని ఒప్పుకున్నాడు. డిజ్జీ 1979లో ఆత్మకథ రాయించినప్పుడు తన కథ తానే చెప్పి ఊరుకోలేదు. పాత మిత్రుల చేతా, బంధువుల చేతా, తనతో గొడవపడ్డవాళ్ళ చేతా కూడా చెప్పించి పక్కపక్కనే అచ్చేయించాడు. కొన్ని చోట్ల వాళ్ళు ఆయన్ని కాదన్నారు. అలాగే ఉంచేశాడు.

రికార్డులైనా నిజం చెబుతాయా అంటే, అదీ గ్యారంటీ లేదు. 1956 జులైలో న్యూపోర్ట్ ఉత్సవంలో ఎలింగ్టన్ బృందం, పాల్ గొన్సాల్వెజ్ ఇరవై ఏడు ఆవర్తాలు ఏకబిగిన వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపాడు. ఆ కచేరీ అని అమ్మిన ఎల్పీలో చాలా భాగం తరవాత స్టూడియోలో మళ్ళీ వాయించి చప్పట్లు కలిపింది. గొన్సాల్వెజ్ ఆ రాత్రి తమ మైకులో కాకుండా వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళ మైకులోకి ఊదాడు. ఆ టేపు 1990లలో దొరికింది, 1999లో అసలు కచేరీ బయటికొచ్చింది.

ఇక నా క్యాసెట్టు. నిన్న రాత్రి మళ్ళీ పెట్టి విన్నాను. మాస్టారు తన ఊరు, గురువుగారు, మొదటి రికార్డింగు అన్నీ చెప్పుకొస్తున్నారు. ఆ పాట ప్రస్తావన ఆయన తేలేదు. నేనే తెచ్చాను. “ఆ బిట్ మీరే కదండీ వాయించింది!” అంటోంది నా గొంతు, మహా ఉత్సాహంగా. కాసేపు ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు. తరవాత “ఆఁ…” అన్నారు మాస్టారు. ఇంకాస్త ఆగి, “అప్పట్లో చాలా వాయించాం నాయనా” అన్నారు. నేను ఆగలేదు, “ఆహా!” అని తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను.

పొద్దున్నే ఫోను చేసి ఆయనకి ఉత్తరం చదివి వినిపించాను. గాజుల దగ్గర ఆపించి మళ్ళీ చదవమన్నారు. “వాళ్ళ నాన్న నాకు తెలుసయ్యా, మంచి చెయ్యి. ఆ రోజు ఇద్దరం వెళ్ళినట్టే గుర్తు. ఎవరు ఏది వాయించామో… వేసెయ్యి ఉత్తరం” అన్నారు.

వచ్చే వారం ఈ పేజీలో ఆ ఉత్తరం పూర్తిగా వేస్తున్నాను.